తాతగారి ట్రంకుపెట్టెలో జర్మన్ బ్యాడ్జి: తోమాలా, అమ్మాలా, దాచాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ శాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీర్ల దళం) పనిచేసి ఇటలీ దాకా వెళ్లొచ్చారు. పాత ఇల్లు పడగొడుతూ అటక మీది ట్రంకుపెట్టె దించితే, ఆయన మెడల్స్‌తో పాటు గుడ్డలో చుట్టిన ఒక జర్మన్ బ్యాడ్జి దొరికింది. కోడిగుడ్డు ఆకారం. మధ్యలో సైనికుల హెల్మెట్, దాని మీద స్వస్తిక్ గుర్తు, వెనక అడ్డంగా రెండు కత్తులు, చుట్టూ ఆకుల దండ. వెనకవైపు పిన్ను, '30' అనే అంకె ఉన్నాయి. బూడిదరంగులో ఉంది కానీ సందుల్లో కొంచెం వెండి మెరుపు కనిపిస్తోంది. ఒక జర్మన్ జనరల్ తాతగారికి బహుమతిగా ఇచ్చాడని ఇంట్లో చెప్పుకుంటాం. చింతపండుతో తోమితే మెరుస్తుందని బాబాయి, అమ్మితే లక్షలు వస్తాయని బావ అంటున్నారు. మెల్‌బోర్న్‌లో చదువుతున్న మా అబ్బాయి తనకిచ్చేయమంటున్నాడు. నాకేమో ఇలాంటివి ఇంకొన్ని కొని దాచుకోవాలని ఉంది. ఇది అసలుదేనా? ఇంట్లో ఉంచుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.

సమాధానం: ముందుగా ఆ చింతపండు పక్కన పెట్టించండి. మీ బాబాయిగారి మాట ఇత్తడి చెంబుల విషయంలో నిజమే. మీరు చెప్పిన బూడిదరంగును బట్టి చూస్తే ఇది జింకు. జింకును పులుపు తినేస్తుంది. పైన మిగిలిన ఆ కాస్త వెండి పూతా పోతుంది, దాని కింద లోహమూ గుంటలు పడుతుంది. నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్టు, బ్రాసో ఏవీ వద్దు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు. ఆ బూడిదరంగు మురికి కాదు. ఆ వస్తువు వయసుకు, తయారీకి అదే సాక్ష్యం. ఒకసారి తోమేశాక ఎంత డబ్బు పోసినా అది వెనక్కి రాదు.

ఇక అదేమిటో చూద్దాం. మీరు రాసిన ఆనవాళ్లన్నీ యుద్ధంలో గాయపడ్డ జర్మన్ సైనికులకు ఇచ్చిన బ్యాడ్జికి సరిపోతున్నాయి. కలెక్టర్లు దీన్ని ఊండ్ బ్యాడ్జి అంటారు, మనం గాయాల బ్యాడ్జి అనుకుందాం. దీన్ని మొదలుపెట్టింది హిట్లర్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాదిలో, 1918 మార్చి 3న, జర్మన్ చక్రవర్తి కైజర్ రెండో విల్‌హెల్మ్ ప్రవేశపెట్టాడు. అప్పటి బ్యాడ్జి మీద హెల్మెట్, కత్తులు, దండ ఉండేవి, స్వస్తిక్ ఉండేది కాదు. 1939 సెప్టెంబర్ 1న, పోలండ్ మీద దాడి మొదలైన రోజునే, నాజీ ప్రభుత్వం దాన్ని మళ్లీ తెచ్చింది. హెల్మెట్ ఆకారం మారింది, దాని మీదికి స్వస్తిక్ ఎక్కింది. మీ ట్రంకుపెట్టెలో ఉన్నది ఈ రెండో రకం.

ఇందులో మూడు స్థాయిలున్నాయి. ఒకటి రెండుసార్లు గాయపడితే నలుపు, మూడు నాలుగుసార్లయితే వెండి రంగు, అయిదు అంతకు మించితే బంగారు రంగు. ఒక్క దెబ్బతోనే చెయ్యో పాదమో కన్నో పోతే నేరుగా వెండి, రెండు కళ్లూ పోతే బంగారం. మీది ఏ స్థాయిదో తెలుసుకోవడానికి వెనకవైపు చూడండి. ముందు బొమ్మ వెనక లోపలికి నొక్కుకుపోయినట్టు బోలుగా ఉంటే, అది పలుచని రేకుతో చేసి నల్లరంగు వేసిన మొదటి స్థాయి బ్యాడ్జి. వెనక చదునుగా, పట్టుకుంటే నిండుగా బరువుగా ఉంటే పై స్థాయిది. సందుల్లో వెండి మెరుపు ఉందంటున్నారు కాబట్టి మీది వెండి స్థాయిదే అనుకుంటున్నాను.

మిగతా జర్మన్ బ్యాడ్జిలకూ దీనికీ ఉన్న తేడా గమనించాలి. 1939 డిసెంబర్ 20న పెట్టిన పదాతి దాడి బ్యాడ్జి రావాలంటే మూడు వేర్వేరు రోజుల్లో మూడు దాడుల్లో పాల్గొనాలి. 1942 నవంబర్‌లో వచ్చిన ముఖాముఖి పోరు క్లాస్ప్‌లో (చొక్కా మీద పెట్టుకునే పట్టీ లాంటి బ్యాడ్జి) బంగారు స్థాయికి అలాంటి పోరు రోజులు 50 ఉండాలి. జలాంతర్గామి నావికులకు వేరే బ్యాడ్జి, ట్యాంకు సిబ్బందికి వేరే బ్యాడ్జి. ఇవన్నీ సైనికుడు చేసిన పనికి ఇచ్చినవి. గాయాల బ్యాడ్జి అతని ఒంటికి జరిగిన దానికి ఇచ్చింది. దీనికి సాహసం అక్కర్లేదు, హోదా అక్కర్లేదు. అధికారికైనా మామూలు సిపాయికైనా అదే బ్యాడ్జి. 1943 నుంచి వైమానిక దాడుల్లో గాయపడ్డ సామాన్య పౌరులకు కూడా ఇచ్చారు.

వెనకనున్న '30' కూడా చక్కగా సరిపోతోంది. జర్మన్ పతకాల తయారీదారులకు బెర్లిన్‌లోని అధ్యక్ష కార్యాలయం ఒక్కొక్కరికి ఒక్కో నంబర్ ఇచ్చింది. 30 వియన్నాలోని ప్రభుత్వ టంకశాలది. 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకుంది కాబట్టి వియన్నా నాణేల కార్ఖానా కూడా యుద్ధానికి పనిచేసింది. ఈ రోజు బంగారం కొనేవాళ్లకు తెలిసిన వియన్నా ఫిల్హార్మోనిక్ నాణెం వచ్చేది ఆ టంకశాల నుంచే. ఇది కాక, ఎల్ అక్షరంతో మొదలయ్యే ఇంకో నంబర్ల వరుస ఉంది. అది దుకాణాల్లో అమ్మే వాటికి వేసింది. ప్రభుత్వం ఇచ్చిన బ్యాడ్జి పోయినా, సెలవుకు వెళ్లేటప్పుడు కొత్తది పెట్టుకోవాలనిపించినా, సైనికుడు తన హక్కు పత్రం చూపించి దుకాణంలో ఇంకోటి కొనుక్కోవచ్చు. మీ దానికి ఉత్త అంకె ఉంది కాబట్టి అది ప్రభుత్వం పంచిన సరుకు.

జింకు కూడా కథ చెబుతుంది. యుద్ధం మొదట్లో బ్యాడ్జిలు రాగి కలిసిన మిశ్రమ లోహాలతో చేశారు. వాటి మీద పూత చెక్కు చెదరకుండా నిలిచేది. యుద్ధం సాగేకొద్దీ రాగి తుపాకీ మందుగుండుకే చాలక బ్యాడ్జిలకు జింకు వాడారు. జింకు మీద వెండి పూత నిలవదు, లోపలికి ఇంకిపోయినట్టయి పైన బూడిదరంగు తేలుతుంది. ఇటలీలో మన సైన్యం పోరాడింది 1943 నుంచి 1945 మే దాకా. మీ బ్యాడ్జి లోహమూ ఆ కాలందే.

మరి అసలుదేనా అంటే, ఫొటో చూడకుండా నేను ముద్ర వేయలేను. కానీ మీరే చూసుకోగలిగినవి ఉన్నాయి. ఒక భూతద్దం, చిన్న అయస్కాంతం తెచ్చుకోండి. జింకు అయస్కాంతానికి అంటదు, పిన్ను ఉక్కుదైతే అది మాత్రమే అంటుతుంది. ఆకుల ఈనెలు, కత్తుల పిడులు, హెల్మెట్ అంచు భూతద్దంలో పదునుగా కనిపించాలి. అసలువి ఉక్కు అచ్చుల మధ్య నొక్కి చేశారు. నకిలీలు చాలావరకు అసలు దాని నుంచి అచ్చు తీసి పోత పోసినవి. అలాంటి వాటిలో గీతలు మెత్తబడి ఉంటాయి, పైన సూదిమొన అంత బుడగ గుంటలు ఉంటాయి. వెనక పిన్ను, దాని కీలు, కొక్కెం దగ్గర జిగురు ఆనవాళ్లు ఉండకూడదు. చివరిది, అన్నిటికన్నా నమ్మదగినది, పోలిక. ఒకే అచ్చు నుంచి వచ్చిన బ్యాడ్జిలన్నిటికీ ఆ అచ్చులోని చిన్న చిన్న లోపాలు ఒకే చోట వస్తాయి. '30' గుర్తున్న వెండి బ్యాడ్జిలు బోలెడు ఉన్నాయి, పెద్ద వేలంపాటల జాబితాల్లో స్పష్టమైన ఫొటోలు దొరుకుతాయి. పక్కపక్కన పెట్టి ఓపిగ్గా చూడండి.

ఇక జర్మన్ జనరల్ సంగతి. మీ ఇంట్లో తరాలుగా చెప్పుకుంటున్న మాటను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. కానీ వస్తువు చెప్పేది వేరు. లొంగిపోయిన జనరల్ తన గుర్తుగా ఏదైనా ఇవ్వాలనుకుంటే గాయాల బ్యాడ్జి తీసి ఇవ్వడం అరుదు. యుద్ధఖైదీలను సోదా చేసినప్పుడో, ఖాళీ చేసిన బంకర్లలోనో, సిగరెట్లకు మార్పిడిగానో ఇలాంటి వస్తువులు వేలకొద్దీ సైనికుల సంచుల్లోకి చేరాయి. 1945 మే 2న ఇటలీలోని జర్మన్ సేనలు ఒక్కసారిగా లొంగిపోయాయి, లక్షలమంది బందీలయ్యారు. మీ తాతగారి చేతికి అప్పుడే వచ్చి ఉండవచ్చు. చనిపోయిన మనిషి చొక్కా నుంచి వచ్చి ఉండవచ్చు కూడా. ఆ మాట ఇంట్లో ఎవరూ చెప్పుకోరు, అందుకే జనరల్ కథలు పుడతాయి. మీ నాన్నగారి తరంలో ఎవరైనా మిగిలి ఉంటే, తాతగారు సరిగ్గా ఏ మాటలతో చెప్పారో అడిగి, ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో రాసి పెట్టండి. జనరల్ మాటనూ రాయండి, పక్కనే 'ఇంట్లో చెప్పుకునేది' అని గుర్తు పెట్టండి.

కలెక్టర్ల లోకంలో కథను నమ్మి వస్తువు కొనకూడదన్నది మొదటి పాఠం. అమ్మేవాడికి ప్రతి బ్యాడ్జీ ఏదో ఒక ముసలాయన పెట్టె నుంచి వచ్చిందే. కానీ మీ విషయంలో దీని నిజమైన విలువంతా కథలోనే ఉంది. గోదావరి జిల్లా మనిషి ఒకడు మందుపాతరలు తీస్తూ, వంతెనలు కడుతూ ఇటలీ కొండలు దాటాడు, ఈ ముక్క వెంట తెచ్చుకున్నాడు. ఈ మాట కాగితం మీద లేకపోతే ఇది ఏ దుకాణంలోనైనా దొరికే జింకు ముక్కే. శాపర్స్ పని ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. అదే మద్రాస్ శాపర్స్‌కు చెందిన సుబేదార్ సుబ్రమణ్యన్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలో, తోటివాళ్లను కాపాడటానికి పేలబోతున్న మందుపాతర మీద పడి ప్రాణం ఇచ్చాడు. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. ఇటలీ పోరు మొత్తంలో భారత సైనికులు 5 వేలమందికి పైగా చనిపోయారు. ఫోర్లీ పట్టణంలో మన సైనికులకే ఒక యుద్ధ శ్మశానం ఉంది.

అమ్మితే ఎంతొస్తుంది? మీ బావగారికి నెమ్మదిగా చెప్పండి, లక్షలు రావు. గాయాల బ్యాడ్జిలు లక్షల సంఖ్యలో పంచారు, అసలువి ఇప్పటికీ పుష్కలంగా ఉన్నాయి. వెండి రకానికి వేల రూపాయల్లో ధర ఉంటుంది, అదీ విదేశీ మార్కెట్‌లో, తెలిసినవాడు చేతిలో పట్టుకుని చూశాక. ఈబే లాంటి పెద్ద సైట్లు నాజీ గుర్తులున్న వస్తువులను అమ్మనివ్వవు. ఫోన్ చేసి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవాళ్లు పాత నాణేల పేరుతో మోసం చేసేవాళ్ల బాపతే. వాళ్లకు మీ ఇంటి అడ్రస్ కూడా చెప్పకండి. ఆ వేల కోసం మీ ఇంటి చరిత్రను తెగనమ్మడం నాకు ఇష్టం లేదు.

ఒక్క విషయంలో మాత్రం లెక్క మారుతుంది. ఆ ట్రంకుపెట్టెను అడుగుదాకా మళ్లీ వెతకండి. బ్యాడ్జితో పాటు జర్మన్‌లో ఉన్న చిన్న కాగితమో, ఫొటో అతికించిన జీతాల పుస్తకమో, అంకెలు చెక్కిన కోడిగుడ్డు ఆకారపు బిళ్లో ఉందేమో చూడండి. బ్యాడ్జి మీద పేరు ఉండదు, ఎవరిదో ఎప్పటికీ తెలియదు. కానీ బ్యాడ్జి ఇచ్చినప్పుడు పేరు, దళం, గాయపడ్డ తేదీ రాసిన పత్రం ఇచ్చేవారు, జీతాల పుస్తకంలోనూ నమోదు చేసేవారు. మెడలో వేసుకునే బిళ్ల మీద అంకెలు దొరికినా బెర్లిన్‌లోని జర్మన్ జాతీయ అభిలేఖాగారంలో వెతికించవచ్చు. ఆ మనిషి కుటుంబం ఇంకా ఉండొచ్చు. కనిపించకుండా పోయిన తాత కోసం ఎదురుచూసిన ఇళ్లు అక్కడా ఉన్నాయి. అలాంటి కాగితం దొరికితే దాన్ని బ్యాడ్జి నుంచి విడదీయకండి.

ఇంకొన్ని కొంటానన్నారు. మీ ఉత్సాహం అర్థమైంది, కానీ నాజీ కాలపు వస్తువులతో మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. సేకరణల్లో ఇంత నకిలీ సరుకున్న శాఖలు తక్కువ. యుద్ధం అయిపోయాక కూడా కొన్ని కంపెనీలు పాత అచ్చులతోనే తయారు చేశాయి. వియన్నాకు చెందిన రుడాల్ఫ్ సౌవల్ కంపెనీ ఇందుకు పేరుపడింది. యుద్ధకాలంలో చేసినదీ, తర్వాత అదే చోట అదే చేతులు చేసినదీ పక్కన పెడితే తేడా చెప్పడానికి నిపుణులే తడబడతారు. పైగా 1957లో పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసింది. పాత సైనికులు తమ పతకాలను స్వస్తిక్ తీసేసిన రూపంలో పెట్టుకోవచ్చంది. దాంతో పాత తయారీదారులకు మళ్లీ చట్టబద్ధంగా పని దొరికింది. 'రౌండర్' అని కలెక్టర్లు పేరు పెట్టుకున్న ఒక రకం నైట్స్ క్రాస్ (నాజీ జర్మనీ పెద్ద సాహస పతకం) ఏళ్ల తరబడి అసలుదిగా పెద్ద ధరలకు చేతులు మారింది. చివరికి దాని అచ్చులో ఉన్న లోపం 1957 రకం పతకాల్లోనూ ఉందని పోల్చి చూసినవాళ్లు పట్టుకున్నారు. పెద్ద పెద్ద కలెక్టర్ల బీరువాల్లో ఉన్నవి యుద్ధం తర్వాతి సరుకని తేలింది. వాళ్లకే అలా అయితే కొత్తగా వచ్చిన మన సంగతి ఆలోచించండి. నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్ గుర్తులు, బంగారు స్థాయి క్లాస్ప్‌లు, 1944 జూలై 20న హిట్లర్ మీద బాంబు దాడిలో గాయపడ్డవాళ్లకు చేయించిన ప్రత్యేక గాయాల బ్యాడ్జి లాంటివి ఎవరైనా చవగ్గా చూపిస్తే మాట్లాడకుండా వచ్చేయండి.

మనవాళ్లను ఇంకో వల లాగుతుంది, ఆజాద్ హింద్ వస్తువులు. సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉన్నప్పుడు, ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ భారత యుద్ధఖైదీల నుంచి సుమారు 3 వేలమందితో ఒక దళం ఏర్పడింది. వాళ్ల చేతి మీద త్రివర్ణంలో దూకే పులి బొమ్మ, దాని పైన 'స్వేచ్ఛా భారత్' అని జర్మన్‌లో ఉండే గుడ్డ బ్యాడ్జి ఉండేది. ఆజాద్ హింద్ పతకాలు కూడా వియన్నాలో ఆ సౌవల్ కంపెనీవే. దళం చిన్నది, మన అభిమానం పెద్దది. ఆ ఖాళీని నకిలీలు నింపాయి. నేతాజీ మీద ప్రేమతో కొనేవాళ్లు మోసపోవడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. కొనే ముందు కనీసం ఇద్దరు తెలిసినవాళ్లకు చూపించండి.

ఇంట్లో ఉంచుకోవచ్చా అంటే, ఉంచుకోవచ్చు. మన దేశంలో దీన్ని దాచుకోవడం నేరం కాదు. పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన వాటికి వర్తిస్తుంది, 1940ల బ్యాడ్జికి ఇంకా ఆ వయసు రాలేదు. అయితే గోడకు వేలాడదీయకండి, షోకేసులో అలంకారంగా పెట్టకండి. దాని మీది గుర్తు మన గడపల మీద పసుపు కుంకుమలతో వేసే స్వస్తిక్ కాదు. మీ తాతగారి దళాలు ఉత్తరానికి నడిచిన ఆ 1944లోనే, ఇటలీలోని సంతాన్న ది స్తజ్జేమా అనే ఊళ్లో ఎస్‌ఎస్ సైనికులు ఒక్క ఉదయం సుమారు 560 మంది పల్లెవాళ్లను, పసిపిల్లలతో సహా, చంపేశారు. కొద్ది వారాల తర్వాత మార్జబొత్తోలో సుమారు 770 మందిని చంపారు. ఈ బ్యాడ్జి పెట్టుకున్న మనిషి అక్కడ ఉన్నాడని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు, లేడనీ లేదు. అతని గాయాలు నిజం, అతను పనిచేసిన ప్రభుత్వం చేసిన ఘోరాలూ నిజం. పిల్లలకు చూపించేటప్పుడు రెండూ చెప్పండి. తాతగారి మెడల్స్ పక్కన, అంతకన్నా చిన్న చోట ఉంచితే సరిపోతుంది.

మెల్‌బోర్న్‌కు మాత్రం పంపకండి. ఆస్ట్రేలియాలో 2024 జనవరి నుంచి నాజీ గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడం, అలాంటి వస్తువులతో వ్యాపారం చేయడం దేశవ్యాప్తంగా నేరం, జైలు శిక్ష కూడా ఉంది. విక్టోరియా రాష్ట్రంలో అంతకుముందే ప్రదర్శన మీద నిషేధం ఉంది. చదువు, పరిశోధన లాంటి వాటికి మినహాయింపులు ఉన్నాయి కానీ, స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడు ఎయిర్‌పోర్టులో నిలబడి ఆ వివరణ ఇచ్చుకోవాల్సిన పని ఏముంది? జర్మనీలోనూ బహిరంగ ప్రదర్శన నేరమే. అబ్బాయికి ఫొటోలు పంపండి, ముందూ వెనకా, పక్కన స్కేలు పెట్టి తీసి. వాడి దగ్గర ఓపిక ఉంటే అచ్చుల పోలిక పని వాడికే అప్పజెప్పండి.

దాచే పద్ధతి తేలికే. గోదావరి జిల్లాల తేమ జింకుకు పడదు. ఆమ్లం లేని తెల్ల కాగితంలో చుట్టి, చిన్న అట్టపెట్టెలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు, చెక్కపెట్టె లోపలి గాలి రెండూ కాలక్రమంలో లోహాన్ని తింటాయి. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, చేతి చెమట తగలనీయకండి. వానాకాలం ముందూ తర్వాతా ఒకసారి తీసి తెల్లటి పొడి లేచిందేమో చూసుకోండి.

సేకరించాలన్న కోరిక ఉంటే మీ తాతగారి వైపు నుంచి మొదలుపెట్టండి. ఆయన మెడల్స్‌లో ఆరు మొనల నక్షత్రం ఆకారంలో ఉండి, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ చారల రిబ్బన్ ఉన్నది ఇటలీ స్టార్ అయి ఉంటుంది. 1943 జూన్ 11 నుంచి 1945 మే 8 మధ్య అక్కడ పనిచేసినవాళ్లకు ఇచ్చారు. డిశ్చార్జి పుస్తకం దొరికితే అందులోని సర్వీసు నంబర్‌తో బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. నంబర్, హోదా, పూర్తి పేరు, తండ్రి పేరు, అప్పటి జిల్లా పేరుతో సహా ఊరు, చేరిన ఏడాది, మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వం రాసి, డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీ నకలు జతచేయండి. ఏ కంపెనీలో ఉన్నారో తెలిస్తే, ఆ కంపెనీ ఇటలీలో ఏ నెలలో ఏ నది దగ్గర ఉందో వెతకడం సాధ్యమవుతుంది. బ్యాడ్జి ఫొటోలు తీశాక నాకూ పంపండి, ముఖ్యంగా పిన్ను కీలు దగ్గర నుంచి తీసినది.